ఖాళీ చేసిన మైదానం



ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో నూట ముప్పై ఏళ్ల కిందట ఒక అద్దె గొడవ జరిగింది. మైదానం అద్దెకిచ్చినాయన బీరు వ్యాపారి. అద్దెకున్నది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. మాటా మాటా పెరిగి క్లబ్బు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోయింది. ఓనరు చేతిలో ఖాళీ మైదానం మిగిలింది, చుట్టూ జనం కూర్చునే గ్యాలరీలు మిగిలాయి, ఆడేవాళ్లు మాత్రం మిగల్లేదు. ఏం చేయాలో ఆయన ఎక్కువ రోజులు ఆలోచించలేదు. తానే ఒక కొత్త జట్టును పుట్టించాడు.

వెళ్లిపోయిన క్లబ్బు ఎవర్టన్. ఖాళీ అయిన మైదానం ఆన్‌ఫీల్డ్. దాన్ని నింపడానికి పుట్టిన జట్టు లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్. ఇవాళ మన ఊళ్లలో ఎర్ర జెర్సీలు వేసుకుని, అర్ధరాత్రి దాటాక కూడా టీవీ ముందు నుంచి కదలని కుర్రాళ్లున్నారు. తమ అభిమాన క్లబ్బు ఒక ఇంటి ఓనరు పంతం వల్ల పుట్టిందని వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

ఆ ఎవర్టన్ 2025లో మళ్లీ మకాం మార్చింది. మెర్సీ నది ఒడ్డున, పాత రేవులో, యాభై రెండు వేలకు పైగా కుర్చీలతో కొత్త స్టేడియం కట్టుకుంది. ఈ ప్రసంగం ఆ మార్పు గురించే. అయితే ముందే ఒక మాట. క్లబ్బులు కొత్త చోటికి వెళ్లినప్పుడు పత్రికలన్నీ కొత్త పైకప్పు ఎత్తు గురించీ, కుర్చీల లెక్క గురించీ రాస్తాయి. నా చూపు మాత్రం వాళ్లు తలుపు వేసి వచ్చిన పాత మైదానం మీదే ఉంటుంది. దానికి కారణం ఎవర్టన్ కథలోనే ఉంది.

మొదటి మార్పు నుంచి చెబుతాను. 1878లో సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చికి చెందిన కుర్రాళ్లు చలికాలంలో ఆడుకోవడానికి ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది తమ పేట పేరు మీద దానికి ఎవర్టన్ అని పేరు పెట్టారు. 1884లో ఆన్‌ఫీల్డ్ మైదానానికి చేరారు. ఆ ఏర్పాటు చేసినాయన జాన్ హౌల్డింగ్. బీరు తయారీదారు, నగర రాజకీయాల్లో పలుకుబడి ఉన్న మనిషి, క్లబ్బుకు అధ్యక్షుడు కూడా. 1888లో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో చేరిన పన్నెండు క్లబ్బుల్లో ఎవర్టన్ ఒకటి. 1890-91లో ఆన్‌ఫీల్డ్‌లో ఆడుతూనే లీగ్ గెలిచింది. అంటే ఆన్‌ఫీల్డ్ చూసిన మొదటి లీగ్ విజేత నీలం జట్టు. ఈ సంగతి ఎర్ర జట్టు వాళ్లకు ఇప్పుడు చెబితే పెద్దగా సంతోషించరు.

జట్టు పేరు పెరిగేకొద్దీ అద్దె పెరిగింది. ఏడాదికి 100 పౌండ్లున్నది 250 పౌండ్లయింది. ఆటగాళ్లు బట్టలు మార్చుకోవాలంటే హౌల్డింగ్ గారి శాండన్ హోటల్‌కే వెళ్లాలి. ఎవరైనా దాహం తీర్చుకోవాలంటే ఆయన బీరే తాగాలి. చివరికి మైదానాన్ని క్లబ్బే కొనుక్కోవాలన్నాడు. ధర కూడా ఆయనే చెప్పాడు. సభ్యుల్లో చర్చికి వెళ్లేవాళ్లు, మద్యపానం నచ్చనివాళ్లు, రాజకీయంగా అవతలి పక్షం వాళ్లు చాలామందే ఉన్నారు. కనుక ఇదంతా ఒట్టి అద్దె గొడవ కూడా కాదు. ఎదురు తిరిగినవాళ్లకు నాయకుడు జార్జ్ మాహన్. అదే చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. సభలో ఎవరో, వేరే మైదానం మీకెక్కడ దొరుకుతుందని ఎగతాళి చేస్తే, ఒకటి నా జేబులోనే ఉందన్నాడని చెప్పుకుంటారు. నిజంగానే స్టాన్లీ పార్కుకు అవతల, మైలు దూరం కూడా లేని చోట, మియర్ గ్రీన్ అనే నేలకు అప్పటికే ఒప్పందం రాయించుకుని ఉన్నాడు. జేమ్స్ బాక్స్‌టర్ అనే డాక్టరు వడ్డీ లేకుండా వెయ్యి పౌండ్లు ఇచ్చాడు.

ఆ నేలే గుడిసన్ పార్క్ అయింది. ఫుట్‌బాల్ కోసమే పెద్ద ఎత్తున కట్టిన మైదానాల్లో ఇంగ్లండ్‌లో మొదటివాటిలో ఒకటి. 1892 ఆగస్టు 24న దానికి ప్రారంభోత్సవం జరిగింది. ఆ రోజు అక్కడ ఫుట్‌బాల్ మాత్రం ఆడలేదు! పరుగు పందేలు, బ్యాండు మేళం, బాణసంచా, అంతే. ఆట తర్వాతి నెలలో మొదలైంది.

గుడిసన్‌కు దాదాపు నూట ముప్పై మూడేళ్ల ఆయుష్షు దక్కింది. ఇంగ్లండ్‌లో మొదటి శ్రేణి లీగ్ మ్యాచ్‌లు అన్నిటికన్నా ఎక్కువ జరిగిన మైదానం అదే. దాని రూపం మాత్రం ఒక్కసారిగా వచ్చింది కాదు. స్కాట్లండ్ ఇంజినీరు ఆర్చిబాల్డ్ లీచ్ ఒక్కొక్క వైపే గ్యాలరీలు కట్టుకుంటూ వచ్చాడు. ఆన్‌ఫీల్డ్, ఐబ్రాక్స్, ఓల్డ్ ట్రాఫర్డ్, హైబరీలు కూడా ఆయన చేతిలో పడ్డవే. పై అంతస్తు ముందు భాగంలో ఇనుప పట్టీలు గుణకారపు గుర్తుల్లాగా అడ్డంగా అల్లి ఉంటాయి. లీచ్ పనికి అదే సంతకం. 1938కి నాలుగు వైపులా రెండంతస్తుల గ్యాలరీలు తయారయ్యాయి. అప్పటికి ఇంగ్లండ్‌లో మరే మైదానానికీ అది లేదు. ఒక మూల మాత్రం సెయింట్ లూక్ చర్చి అడ్డం వచ్చింది. చర్చి కదల్లేదు, క్లబ్బూ దాన్ని కదపలేదు. టీవీలో మ్యాచ్ చూసేవాళ్లకు కార్నర్ జెండా వెనకాల ఆ చర్చి కనిపిస్తూనే ఉండేది.

1927-28 సీజన్లో డిక్సీ డీన్ అనే సెంటర్ ఫార్వర్డ్ లీగ్‌లో అరవై గోల్స్ కొట్టాడు. అరవయ్యోది గుడిసన్‌లోనే. ఇంగ్లండ్ మొదటి శ్రేణి లీగ్‌లో ఒక సీజన్‌కు ఆ లెక్కను ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. 1980 మార్చిలో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూడటానికి వచ్చి, ఆయన ఆ మైదానంలోనే కన్నుమూశాడు. 1948లో ఇదే రెండు జట్ల మ్యాచ్‌కు 78,299 మంది వచ్చారు. 1966 ప్రపంచ కప్పులో ఇక్కడ ఐదు మ్యాచ్‌లు జరిగాయి. పేలే ఉన్న బ్రెజిల్ ఇక్కడే ఆడి, ఇక్కడే ఓడి, టోర్నీ నుంచి వెళ్లిపోయింది. ఉత్తర కొరియా పోర్చుగల్ మీద మూడు గోల్స్ ముందంజ వేసింది. అప్పుడు యూసేబియో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి మ్యాచ్‌ను 5-3కు తిప్పేశాడు. అదీ ఈ గడ్డి మీదే.

మరి ఇంత చరిత్ర ఉన్న చోటును ఎందుకు వదిలారు? కారణం చాలా మామూలుది. స్తంభాలు. లీచ్ గ్యాలరీల్లో పైకప్పును ఇనుప స్తంభాలు మోస్తాయి. వాటి వెనక టికెట్ దొరికినవాడికి సగం గోల్‌పోస్టే కనిపిస్తుంది. కూర్చుంటే మోకాళ్లు ముందు కుర్చీకి తగులుతాయి. 1989లో షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు పోయాయి. దాని మీద వచ్చిన టేలర్ నివేదిక తర్వాత పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి కుర్చీలు వేయాల్సి వచ్చింది. గుడిసన్‌లో పట్టే జనం సంఖ్య నలభై వేల లోపుకు పడిపోయింది. విస్తరిద్దామంటే నాలుగు పక్కలా వీధులు, వరస ఇళ్లు, ఒక బడి, ఆ చర్చి. పైగా ఈ కాలంలో క్లబ్బుకు మ్యాచ్ రోజు వచ్చే డబ్బులో మంచి వాటా అద్దాల గదుల్లో భోజనం చేస్తూ ఆట చూసే కంపెనీల అతిథులది. ఆ గదులు గుడిసన్‌లో ఎక్కడ పెడతారు?

కనుక వెళ్లాలన్న నిర్ణయం పాతదే. వెళ్లడమే కుదరలేదు. ఈ శతాబ్దం మొదట్లో కింగ్స్ డాక్ అనే చోట కడతామన్నారు, డబ్బు సమకూరలేదు. ఆ తర్వాత నగరం బయట కర్క్‌బీలో ఒక సూపర్‌మార్కెట్ సంస్థతో కలిసి కడతామన్నారు. అభిమానుల్లోనే చాలామంది ఎదురు తిరిగారు, 2009లో ప్రభుత్వమే కాదంది. వాల్టన్ హాల్ పార్క్ అన్నారు, అదీ ఆగిపోయింది. చివరికి బ్రామ్లీ-మూర్ డాక్ దగ్గర తేలారు.

ఈ డాక్ గురించి రెండు మాటలు చెప్పాలి. 1848లో తెరిచిన ఓడరేవు కుంట అది. కట్టినాయన జెస్సీ హార్ట్‌లీ, లివర్‌పూల్ రేవుల ఇంజినీరు. రేవు పొడవునా ఆయన కట్టించిన రాతి గోడ చూస్తే కోటగోడ అనిపిస్తుంది. ఎత్తు మీద వేసిన రైలు పట్టాల మీంచి బొగ్గు వచ్చి ఇక్కడే ఓడల్లోకి దిగేది. లివర్‌పూల్ రేవుల మొత్తం చరిత్ర, అందులోని బానిసల వ్యాపారపు సంపాదనతో సహా, ఈ గోడల వెంట నడిస్తే కళ్లకు కడుతుంది. ఓడలు పెద్దవై, కంటైనర్లు వచ్చాక ఈ పాత కుంటలు పాడుబడ్డాయి. 2004లో యునెస్కో లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఎవర్టన్ ఆ కుంటను పూడ్చింది. ముందు నీళ్లలో ఉన్న చేపల్ని పట్టి వేరే చోట వదిలారు. తర్వాత ఐరిష్ సముద్రం అడుగు నుంచి తవ్విన ఇసుకను ఓడల్లో తెచ్చి, దాదాపు 4,80,000 ఘనపు మీటర్లు నింపారు. ఆ ఇసుక మీద స్టేడియం లేచింది. హార్ట్‌లీ గోడలు, కుంట అంచులు మాత్రం చాలావరకు అలాగే ఉంచారు. పాత హైడ్రాలిక్ టవర్‌ను బాగు చేశారు. పడమటి వైపు నీళ్ల కాలువ ఒకటి వదిలారు. అయినా 2021 జులైలో, పునాది పనులు మొదలవడానికి కొద్ది రోజుల ముందు, యునెస్కో లివర్‌పూల్ పేరును జాబితాలోంచి కొట్టేసింది. రేవు ప్రాంతంలో లేచిన ఎత్తైన భవనాలతో పాటు ఈ స్టేడియం కూడా చెప్పిన కారణాల్లో ఉంది. ప్రపంచంలో అలా జాబితా నుంచి పోయినవి అప్పటికి మూడే. ఒమన్‌లో ఒక వన్యప్రాణి స్థలం, జర్మనీలో డ్రెస్డెన్ నదీ లోయ, తర్వాత లివర్‌పూల్.

ఇందులో తప్పు ఎవరిది? నగరం వాళ్లు చెప్పే మాట, దశాబ్దాలుగా గడ్డి మొలిచి, ఎవరూ అడుగు పెట్టని చోటికి జనాన్ని తెచ్చామని. అది నిజమే. ఆ చుట్టుపక్కల పేటలు ఇంగ్లండ్‌లోకెల్లా బీదవాటిలో ఉన్నాయి. కానీ నీళ్లు తీసేసిన రేవు ఇక రేవు కాదన్న యునెస్కో మాటా కొట్టిపారేయదగ్గది కాదు. నా లెక్కలో నగరం చేసింది సరైనదే, దానికి చెల్లించిన ధర మాత్రం చిన్నది కాదు. ఈ రెండూ ఒకేసారి ఒప్పుకోవాలి. అభిమానులు రెండోది ఒప్పుకోరు, వారసత్వ సంఘాల వాళ్లు మొదటిది ఒప్పుకోరు.

ఇల్లు కట్టి చూడమన్న మన సామెత క్లబ్బులకూ వర్తిస్తుంది. కట్టడం సాగిన కాలమంతా ఎవర్టన్‌కు కష్టకాలమే. స్టేడియం పేరు హక్కుల మీద ముందుగానే 3 కోట్ల పౌండ్లు చెల్లించిన రష్యా సంస్థతో, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, సంబంధం తెంచుకోవాల్సి వచ్చింది. ఖర్చుల పరిమితి దాటినందుకు 2023 నవంబరులో లీగ్ పది పాయింట్లు కోసింది. అప్పీలు మీద అది ఆరయింది. మళ్లీ ఇంకో రెండు పోయాయి. స్టేడియం కోసం తెచ్చిన అప్పుల వడ్డీని ఏ ఖాతాలో రాయాలన్నది ఆ వాదనల్లో ఒకటి. కొత్త మైదానం కడుతూ రెండో శ్రేణికి పడిపోతే ఏమయ్యేదోనని అభిమానులు నిద్ర లేని రాత్రులు గడిపారు. 2023 ఆగస్టులో పని స్థలంలో జరిగిన ప్రమాదంలో ఒక యువ కార్మికుడు చనిపోయాడు. అతను కూడా ఎవర్టన్ అభిమానే. 2024 డిసెంబరులో క్లబ్బు అమెరికాకు చెందిన ఫ్రీడ్‌కిన్ గ్రూపు చేతికి వెళ్లింది. మొత్తం ఖర్చు 80 కోట్ల పౌండ్ల దరిదాపుల్లోకి వెళ్లిందని పత్రికలు రాశాయి.

ఈలోగా పాత మైదానంలో ఆఖరి సీజన్ నడిచింది. 2025 ఫిబ్రవరి 12న గుడిసన్‌లో లివర్‌పూల్‌తో చివరి మ్యాచ్. ఎవర్టన్ ఒక గోల్ వెనకబడి ఉంది. తొంభై నిమిషాలు దాటి, అదనపు సమయంలో ఎనిమిదో నిమిషం నడుస్తోంది. డిఫెండర్ జేమ్స్ టార్కోవ్‌స్కీ గాల్లో ఉన్న బంతిని ఉన్నపాటున తన్ని పై వలలోకి పంపాడు. 2-2. ఆ తర్వాత తోపులాటలు, ఎర్ర కార్డులు. లివర్‌పూల్ మేనేజరుకు కూడా ఒకటి దక్కింది. వీడ్కోలు మర్యాదగా జరగాలని ఎవరన్నారు?

మే 18న సౌతాంప్టన్‌తో పురుషుల జట్టుకు చివరి ఆట. 2-0. రెండు గోల్స్ సెనెగల్ ఆటగాడు ఇలిమాన్ ఎన్‌డియాయ్‌వి. టికెట్ దొరకనివాళ్లు వేలమంది వీధుల్లో నిండిపోయారు. నీలం పొగలో గుడిసన్ రోడ్ కనిపించలేదు. ఎవర్టన్ మైదానంలోకి వచ్చేటప్పుడు పాత టీవీ పోలీసు సీరియల్ ‘జెడ్ కార్స్’ బాణీ వినిపిస్తుంది, అరవై ఏళ్ల అలవాటు అది. ఆ రోజు ఆ బాణీకి కళ్లు తుడుచుకున్నవాళ్లలో మేనేజర్ డేవిడ్ మోయెస్ వయసువాళ్లున్నారు, బడిపిల్లలున్నారు.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇది అతిగా అనిపించవచ్చు. రెండు మైళ్ల దూరానికి ఇంత ఏడుపా? మన హైదరాబాదులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఆడిన హైదరాబాద్ ఎఫ్.సి. సంగతి చూడండి. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. కరోనా కాలంలో గోవాలో ఆడుతూ 2021-22 ఐ.ఎస్.ఎల్. టైటిల్ గెలిచింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. కోచ్ రహీం సాబ్ నడిపిన కాలంలో దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన నగరం మనది. అక్కడ వీడ్కోలు సభ కూడా జరగలేదు. లివర్‌పూల్ వాళ్ల రెండు మైళ్ల ఏడుపు మీద నాకు నవ్వు రాకపోవడానికి అదొక కారణం. ఏడవడానికి కూడా ముందు ఏదో ఒకటి వేళ్లూనాలి కదా.

అసలు గుడిసన్ చుట్టుపక్కల వేళ్లూనింది ఏమిటి? విన్‌స్లో అనే పబ్బు సరిగ్గా మైదానానికి ఎదురుగా ఉంటుంది. మ్యాచ్ రోజున అక్కడ నిలబడ్డానికి కూడా చోటు దొరికేది కాదు. చేప ముక్కలూ బంగాళాదుంప వేపుళ్లూ అమ్మే కొట్లు, స్కార్ఫులు అమ్మేవాళ్లు, ఇంటి ముందు కారు పెట్టుకోనిచ్చి నాలుగు పౌండ్లు సంపాదించుకునే ఇంటివాళ్లు. రెండు వారాలకోసారి ఆ వీధుల్లోకి నలభై వేల మంది వచ్చేవారు. వాళ్లు ఇప్పుడు రీజెంట్ రోడ్ వైపు, రేవు వైపు పోతారు. అక్కడ బ్రామ్లీ-మూర్ పేరుతోనే ఉన్న పబ్బుకూ, గోదాములు తెరిచి కొత్తగా పెట్టిన కొట్లకూ మంచి రోజులు. దగ్గరి రైలు స్టేషన్ శాండ్‌హిల్స్ చిన్నది. మ్యాచ్ అయ్యాక రైలు కోసం క్యూలో నిలబడటం కొత్త ఆచారమైంది. చాలామంది నడిచే వెళ్తున్నారు, నది గాలికి తలలు వంచుకుని.

ఇవన్నీ బతికున్నవాళ్ల లెక్కలు. గుడిసన్‌లో చనిపోయినవాళ్ల లెక్క కూడా ఉంది. ఎవర్టన్ అభిమానుల కుటుంబాలు తమవాళ్ల చితాభస్మాన్ని ఆ మైదానం అంచున పాతిపెట్టేవి. ఎనిమిది వందలకు పైగా. చోటు చాలక క్లబ్బు 2004లో దాన్ని ఆపేసింది. క్లబ్బు వెళ్లిపోతే, మైదానాన్ని కూల్చేస్తే, ఆ బూడిద సంగతేమిటి? చాలా ఏళ్లు ప్రణాళిక కూల్చడమే. అక్కడ ఇళ్లు, ఆరోగ్య కేంద్రం, పార్కు కట్టి పేటకు ఇస్తామన్నారు. దానికి 2021లో అనుమతి కూడా వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ కుటుంబాలకు ఆ ప్రణాళిక పటాలు చూసినప్పుడల్లా ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో ఖాళీ అయిన మైదానాలకు సాధారణంగా ఏ గతి పడుతుందో చూడండి. 2006లో ఆర్సెనల్ హైబరీ వదిలింది. లీచ్ తరువాతి తరం కట్టిన అందమైన ముఖద్వారం వెనక ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి, గడ్డి ఉన్న చోట వాటి తోట. 2016లో వెస్ట్‌హామ్ అప్టన్ పార్క్ వదిలి ఒలింపిక్ స్టేడియానికి వెళ్లింది. పాత చోట మళ్లీ అపార్ట్‌మెంట్లే. పరుగు పందేల కోసం కట్టిన కొత్త చోట గోల్‌పోస్టు ఎక్కడో దూరంగా కనిపిస్తోందని అభిమానులు ఇప్పటికీ సణుగుతారు. అన్నిటికన్నా ఘోరం బ్రైటన్‌ది. 1997లో యజమానులు కొత్త చోటు లేకుండానే గోల్డ్‌స్టోన్ మైదానాన్ని అమ్మేశారు. అక్కడ దుకాణాలు లేచాయి. క్లబ్బు రెండేళ్లు వేరే జిల్లాలో జిల్లింగ్‌హామ్‌కు వెళ్లి ఆడింది, తర్వాత ఒక అథ్లెటిక్స్ మైదానంలో తలదాచుకుంది. సొంత స్టేడియం వచ్చేసరికి 2011. పద్నాలుగేళ్లు.

ఎవర్టన్ ఈ దారిన పోలేదు. ఆఖరి మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు, 2025 మేలో, కొత్త యజమానులు ఒక ప్రకటన చేశారు. గుడిసన్‌ను కూల్చరు. ఎవర్టన్ మహిళల జట్టు అక్కడికి వస్తుంది. అప్పటి దాకా మహిళలు వాల్టన్ హాల్ పార్కులో, రెండు వేల పైచిలుకు జనం పట్టే చిన్న మైదానంలో ఆడేవారు. ఒక పెద్ద స్టేడియాన్ని పూర్తిగా మహిళల జట్టుకు ఇవ్వడం బ్రిటన్‌లో అదే మొదటిసారి. చితాభస్మం ఉన్న చోటే ఉంది.

ఇందులో లెక్కల ఆలోచన ఉంది, ప్రచార లాభం ఉంది. అదంతా తెలిసే చెబుతున్నాను, ఈ మొత్తం మార్పులో క్లబ్బు తీసుకున్న అతి మంచి నిర్ణయం ఇదే. ఎందుకంటే గుడిసన్‌కూ మహిళల ఫుట్‌బాల్‌కూ పాత లెక్క ఒకటి బాకీ ఉంది.

1920 డిసెంబరు 26. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోయినప్పుడు ఫ్యాక్టరీల్లో పని చేసిన ఆడవాళ్లు ఫుట్‌బాల్ జట్లు పెట్టుకున్నారు. వాటిలో ప్రెస్టన్ పట్టణంలోని డిక్ కెర్ ఫ్యాక్టరీ జట్టు పేరు మోగిపోయింది. ఆ రోజు వాళ్లు సెయింట్ హెలెన్స్ మహిళలతో గుడిసన్‌లో ఆడారు. యాభై మూడు వేల మంది లోపలికి వచ్చారు, వేలమంది గేట్ల దగ్గరి నుంచే వెనక్కి పోయారు. జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టే ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ రైలు తప్పిపోయి రాలేకపోయింది. దాంతో కెప్టెన్ ఆలిస్ కెల్ ముందు వరసలోకి వెళ్లి రెండో సగంలో మూడు గోల్స్ కొట్టింది. ఫలితం 4-0. వసూలైన సొమ్ము మూడు వేల పౌండ్లు దాటింది, అంతా ధర్మకార్యాలకే. మహిళల క్లబ్ మ్యాచ్‌కు అంత జనం మళ్లీ రావడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది.

ఎందుకు పట్టిందంటే, ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళలు ఆడటాన్ని నిషేధించింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదన్నారు. ధర్మకార్యాలకు వసూలైన డబ్బు సరిగ్గా వెళ్లడం లేదని కూడా ఒక మాట తగిలించారు. మగవాళ్ల మ్యాచ్‌లకన్నా ఎక్కువ జనం రావడం అసలు కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నాదీ అదే. నిషేధం ఎత్తేసేసరికి 1971 వచ్చింది. అర్ధ శతాబ్దం పాటు పార్కుల్లో, ఖాళీ స్థలాల్లో ఆడారు. గుడిసన్ గేట్లు వాళ్లకు మూసే ఉన్నాయి.

ఇక కొత్త స్టేడియం. ఒక లా సంస్థ పేరు మీద దానికి హిల్ డికిన్సన్ స్టేడియం అని పేరు పెట్టారు. అభిమానులు బ్రామ్లీ-మూర్ అనే అంటున్నారు. దక్షిణ గ్యాలరీ ఒకటే అంతస్తు, పదమూడు వేల మంది, నిబంధనలు ఒప్పుకున్నంత నిట్టనిలువుగా. కింది భాగం ఇటుక, రేవు గోదాముల్లాగా. ఇటుకల అమరికలో లీచ్ గారి గుణకారపు గుర్తులు కనబడీ కనబడనట్టు దాచారు. స్తంభాలు లేవు. ఏ కుర్చీ నుంచి చూసినా రెండు గోల్‌పోస్టులూ పూర్తిగా కనిపిస్తాయి. 2028 యూరో కప్పు మ్యాచ్‌లు ఇక్కడ జరుగుతాయి.

మొదట యువ జట్లతో, తక్కువ జనంతో పరీక్షించి చూశారు. 2025 ఫిబ్రవరి 17న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మ్యాచ్. ప్రత్యర్థి విగన్. కొత్త మైదానంలో పడ్డ మొట్టమొదటి గోల్ విగన్ కుర్రాడిది, మ్యాచ్ కూడా వాళ్లే 2-1తో గెలిచారు. ఆగస్టులో పెద్దల స్నేహపూర్వక మ్యాచ్‌లో రోమా వచ్చి 1-0తో గెలిచిపోయింది. మన దగ్గరైతే గృహప్రవేశానికి ముహూర్తం సరిగా చూడలేదనేవాళ్లు.

లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆగస్టు 24న పడింది. గుడిసన్ ప్రారంభమైన తేదీ, నూట ముప్పై మూడేళ్ల తర్వాత. ఎదుటి జట్టు బ్రైటన్, సొంత మైదానం పోగొట్టుకుని పద్నాలుగేళ్లు తిరిగిన ఆ బ్రైటనే. మొదటి గోల్ మళ్లీ ఎన్‌డియాయ్‌దే. పాత చోట పురుషుల జట్టుకు చివరి గోల్, కొత్త చోట లీగ్‌లో మొదటి గోల్, రెండూ ఒక్క మనిషివే. రెండోది జేమ్స్ గార్నర్ కొట్టాడు. బ్రైటన్‌కు పెనాల్టీ దొరికితే గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్ ఆపేశాడు. 2-0.

మహిళల సీజన్ సెప్టెంబరు 7న మొదలైంది. తొలి మ్యాచ్ సొంత మైదానంలో కాదు, ఆన్‌ఫీల్డ్‌లో, లివర్‌పూల్‌తో. 1892లో హౌల్డింగ్ చేతిలో మిగిలిపోయిన మైదానంలో వాళ్లు 4-1తో గెలిచారు. వారం తర్వాత గుడిసన్‌కు వచ్చి టాటెన్‌హామ్ చేతిలో 2-0తో ఓడారు.